మేష్ట్రు చెప్పిన వేరు, అవ్వ విన్న వేరు

నిన్న పొద్దున మా ఫ్రిజ్ తలుపు మీద ఉండే మామిడిపండు బొమ్మ కనిపించలేదు. ఆ బొమ్మ వెనక చిన్న అయస్కాంతం ఉంటుంది. నా మందుల చీటీని తలుపుకు నొక్కిపెట్టి ఉంచడం దాని ఉద్యోగం. బొమ్మ మాయమైంది, చీటీ నేల మీద పడి ఉంది. వెతుక్కుంటూ పెరట్లోకి వెళితే మా మనుమరాలి కూతురు, ఐదో తరగతి చదువుతున్న పిల్ల, నేను కాళ్లు కడుక్కునే బేసిన్లో ఇసుక, ఉప్పు, రంపపు పొట్టు, గుండుసూదులు, వాళ్లమ్మకు తెలియకుండా తెచ్చిన గుప్పెడు కందిపప్పు పోసి శ్రద్ధగా కలుపుతోంది. ఏందే ఇది అంటే, "మిక్స్‌చర్ అవ్వా. ఇప్పుడు సెపరేట్ చేయల్ల. మిస్సు చెప్పింది" అని మామిడిపండును బేసిన్లోకి దించింది. గుండుసూదులు గబగబా లేచి పండుకు అతుక్కున్నాయి. నేను ఆశ్చర్యపోతానేమోనని పిల్ల నా ముఖం వైపు చూసింది. నాకేమో నవ్వు వచ్చింది. తొంభైకి దగ్గరపడ్డ మనిషి నవ్వు మొదలుపెడితే ఆపడం కష్టం. పిల్లకు కోపం వచ్చి బేసిన్ తీసుకుని అవతలి మూలకు పోయింది. దానికి తెలియదు పాపం, సరిగ్గా ఈ పాఠమే ఒకప్పుడు నా చదువును మింగబోయిందని. ఈ పాఠం వల్లనే మా ఇంట్లో ఇంకో పొయ్యి వెలిసిందని కూడా తెలియదు. నిదానంగా చెబుతాను, నాకు తొందరేమీ లేదు.

మాది పావగడ తాలూకాలో, నిడుగల్లు కొండ కనిపించేంత దూరంలో ఉన్న చిన్న ఊరు. అప్పుడు మైసూరు మహారాజు ఏలుబడి. మేము ఆ రాజ్యానికి కొసన ఉండేవాళ్లం. మా గొర్రెలు పొద్దున మహారాజు గడ్డి మేసి, మధ్యాహ్నానికి దారి తప్పి మద్రాసువాళ్ల గడ్డి మేసి, సాయంత్రానికి బుద్ధిగా మళ్లీ మహారాజు దగ్గరికి వచ్చేవి. తాతల కాలంలో మావాళ్లకు గొర్రెలే లోకం. మా నాయన తరానికి గొర్రెలతోపాటు చేను కూడా వచ్చింది. రాగి, కొర్ర, శనక్కాయ వేసేవాళ్లం. వాన పడితే అవి పండేవి. పడినా పడకపోయినా తప్పకుండా పండేవి మాత్రం రాళ్లు. ఎంత ఏరి గట్టున పోసినా మరుసటి ఏడు మళ్లీ అన్ని రాళ్లు పైకి వచ్చేవి. కళ్లంలోకి, గోనెలోకి, కుండలోకి, చివరికి నోట్లోకి కూడా వచ్చేవి. మా వైపు పెద్దవాళ్లలో సగంమందికి పళ్లు అరిగి ఉండేవి.

మా ఇంట్లోవాళ్లకు మాత్రం పళ్లు బాగుండేవి. దానికి కారణం మా అవ్వ, అంటే మా నాయన తల్లి. సన్నగా, పొడుగ్గా, ఎండిన కందికట్టెలా ఉండేది. మాట తక్కువ, చూపు ఎక్కువ. చేట పట్టుకుని వసారాలో కూర్చుందంటే ఆమె చేతుల్ని చూడటానికే నేను ఎదురుగా గొంతుకూర్చునేదాన్ని. చేట లేచినప్పుడు గింజలన్నీ ఒక్కసారిగా గాల్లోకి లేచేవి, పొట్టు పక్కకు పోయేది, గింజలు మళ్లీ చేటలోకే వచ్చేవి. ఒక్క గింజ కూడా కింద పడేది కాదు. తర్వాత చేటను కొంచెం వంచి, మణికట్టుతో సన్నగా అదురుతున్నట్టు ఆడించేది. రాళ్లన్నీ ఒక మూలకు చేరేవి. వాటిని బొటనవేలితో అలా తోసేసేది. తను ఏం చేస్తోందో చూడను కూడా చూడదు, కళ్లు వీధి వైపు, చెవులు వంటింటి వైపు ఉండేవి. మా ఇంట్లో పదకొండు మందిమి. అమ్మానాయనలు, చిన్నాయన, చిన్నమ్మ, పిల్లలందరం, అవ్వ. అందరికీ ఒకటే పొయ్యి. సంగటి ముద్ద చేతికి వస్తే కళ్లు మూసుకుని మింగవచ్చు. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరింట్లోనైనా పొయ్యిలు రెండయ్యాయని వింటే అవ్వ ఆ ఇంటి పేరు తలుచుకుని నాలుక చప్పరించేది. తన ఇంట్లో పొయ్యి ఒకటే ఉండటం ఆమెకు అన్నిటికన్నా పెద్ద గొప్ప. పైకి ఎప్పుడూ అనలేదు గానీ, అందరికీ తెలుసు.

నన్ను బడికి పంపింది కూడా అవ్వే. అదీ ఒక కథే. తాలూకా కచేరీ నుంచి ఒకసారి మా ఇంటికి ఒక కాగితం వచ్చింది. ఎవరికీ చదవడం రాదు. గోడకు మేకు కొట్టి తగిలించారు. మూడు రోజులు ఇంటిల్లిపాదీ దాని కింద భయంభయంగా తిరిగారు. ఏ గండం రాసి ఉందోనని మా అమ్మ దానికి దండం కూడా పెట్టింది. నాలుగో రోజు చదివినవాళ్లు చెప్పారు, గొర్రెలకు టీకాలు వేస్తారు, ఫలానా రోజు తోలుకొని రండి అని మాత్రమే అందులో ఉందట. ఆ ఫలానా రోజు కూడా అంతకు ముందునాడే దాటిపోయింది. "ఇంట్లో ఒక్కరికన్నా అచ్చరం ముక్క రావల్ల" అని అవ్వ తీర్మానించింది. మగపిల్లలు గొర్రెల వెంట పోతారు కాబట్టి ఆ ఒక్కరూ నేనయ్యాను. నా వయసు అప్పుడు తొమ్మిదేళ్లు ఉండవచ్చు.

బడి అంటే ఊరి చివర ఒక పొడుగాటి వసారా, ఒక గది. గోడ మీద మహారాజుగారి పటం. ఒకే ఒక మేష్ట్రు. తుమకూరు వైపు మనిషి, నిండా పాతికేళ్లు ఉండేవేమో. ఆయనకు తెలుగు రాదు, మాకు కన్నడ రాదు. ఈ ఒప్పందం మీదనే చదువు నడిచేది. కొన్నాళ్లకు పిల్లలమే ఒక కిటుకు కనిపెట్టాం. మేష్ట్రు నోట 'బ' అక్షరంతో మాట వస్తే దాన్ని తీసి 'వ' పెట్టుకుంటే చాలాసార్లు మన మాట అవుతుంది. బిల్లు అంటే విల్లు. బేసిగె అంటే వేసవి. బేరు అంటే వేరు. దీంతో కన్నడ మొత్తం మా చేతికి చిక్కిందని మేము తెగ మిడిసిపడ్డాం. ఆ మిడిసిపాటు నన్ను ఎక్కడికి తీసుకుపోయిందో చూడండి.

ఒకరోజు మేష్ట్రు జేబులోంచి వేలెడంత నల్లని ఇనుప ముక్క తీశాడు. సూజిగల్లు అన్నాడు. మాకు వెంటనే అర్థమైంది, సూదంటురాయి. వంక నుంచి తెచ్చిన ఇసుక మీద దాన్ని తిప్పాడు. ఇసుకలోంచి నల్లటి రవ్వలు పైకి లేచి దానికి గడ్డంలా మొలిచాయి. మేమందరం ఒక్కసారిగా వెనక్కి జరిగాం. ఒక పిల్లవాడు వసారా దిగి పారిపోయాడు కూడా. మేష్ట్రు నవ్వి బోర్డు మీద ఆనాటి పాఠం పేరు రాశాడు. 'కూడిరువుదన్ను బేర్పడిసువుదు.' కూడి ఉన్నదాన్ని వేరుపరచడం అన్నమాట. ఇంట్లో కలిసిపోయి ఉండేది ఏదైనా తెండి, రేపు బడిలో బేర్పడిసి చూపిస్తాను అన్నాడు. నేను ఆ మాటను దారిపొడుగునా వల్లించుకుంటూ, 'బ' తీసి 'వ' పెట్టుకుంటూ ఇంటికి పరుగెత్తాను.

సరిగ్గా ఆ సమయంలో మా ఇంట్లో ఒక వారం నుంచి మా అమ్మకూ చిన్నమ్మకూ మాటల్లేవు. తిరగలి దగ్గర ఎవరి వంతు అనే దగ్గర మొదలై, ఎవరి పిల్లలు ఎక్కువ తింటున్నారు అనే దాకా వెళ్లి ఆగింది. అంతకు ముందు నెలలోనే ఎగువ వీధిలో ఇద్దరు అన్నదమ్ములు వేరుపడ్డారు. వాళ్ల భాగాల కాగితం రాసింది మా మేష్ట్రే. ఊళ్లో చక్కగా రాయడం వచ్చినవాడు ఆయనొక్కడే కదా. ఇవన్నీ నాకు అప్పుడు తెలియవు. నేను వాకిట్లో నిలబడి, ఇంటిల్లిపాదీ వినేలా, గొప్పగా చెప్పాను.

"అవ్వా, మా మేష్ట్రు కొత్తపాఠం చెప్తాండాడు. కూడి ఉండేదాన్ని యేరుపరిచేది! మనింట్లో ఏమేం కలిసుండాయో రేపు చెప్పల్లంట. ఎట్ల యేరుపరచల్లో ఆయప్ప చూపిస్తాడంట."

మా వైపు వేరును యేరు అంటాం. యేరుపడటం అంటే ఒకటే అర్థం, అన్నదమ్ములు పొయ్యి విడగొట్టుకోవడం. వంటింట్లో చిన్నమ్మ కిసుక్కున నవ్వి వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. అవ్వ చేట కింద పెట్టింది. గింజలున్న చేటను మధ్యలో కింద పెట్టడం నేను అదే మొదటిసారి చూడటం.

"ఎగువీదోళ్ల కొంప ఆర్పింది చాలక, ఇప్పుడు పిల్లకాయలకు నేర్పిస్తాండాడా?" అంది. ఆ గొంతులో కేక లేదు. అందుకే భయమేసింది. "రేపటి నుంచి నువ్వు బడికి పోబాకు. పిల్లగొర్రెల ఎంట పో."

నేను ఏడ్చాను. పాఠం అది కాదని, ఇసుక అని, సూదంటురాయి అని చెప్పబోయాను. ఏడుస్తూ చెబితే ఏ మాటా సరిగ్గా రాదు. అవ్వ ఒకసారి మాట అన్నాక ఇంట్లో ఎవరూ మళ్లీ దాని ఊసెత్తరు. మా నాయన నా తల మీద చేయి వేశాడు, అంతే. మర్నాటి నుంచి నేను గొర్రెపిల్లలతో బండల మీద ఉన్నాను. అక్కడి నుంచి బడి వసారా కనిపించేది. పిల్లలు లేచి నిలబడటం, కూర్చోవడం కనిపించేది, మాటలు వినిపించేవి కావు. వంకలో నల్ల ఇసుక దొరికిన చోట గుప్పెట నిండా తీసుకుని, నాకు తెలిసిన అక్షరాలన్నీ దానితో బండ మీద రాసేదాన్ని. గాలి వచ్చి తుడిచేది. మళ్లీ రాసేదాన్ని. అక్షరాలు మరిచిపోతానేమోనన్న భయం ఆ నాలుగు రోజులూ నన్ను వదల్లేదు. తర్వాత జీవితంలో చాలా పోగొట్టుకున్నాను గానీ, అంత భయం మళ్లీ ఎప్పుడూ వేయలేదు.

ఐదో రోజు పొద్దున్నే మేష్ట్రు మా ఇంటికి వచ్చాడు. పిల్ల రాకపోతే ఆ ఇంటికి వెళ్లి అడగటం ఆయన పద్ధతి. అప్పట్లో అలా వచ్చే మేష్ట్రు ఒక వింత. చేతిలో గొడుగు, తువ్వాలు కొసన ఏదో మూట. నేను గొర్రెపిల్లల్ని వదలబోతూ ఆగిపోయాను. అవ్వ లేవలేదు, కూర్చోమనలేదు. మా ఇంటికి వచ్చిన మనిషికి మజ్జిగ ఇవ్వకుండా ఉండటం కూడా అదే మొదటిసారి.

"ఏం మేష్ట్రప్పా, మా ఇంట్లోకీ కాగితం రాసేదానికి వస్తివా?"

ఆయనకు అర్థం కాలేదు. నావైపు చూశాడు. నేను నాకు వచ్చిన కన్నడలో, ఏడుపు కలిపి, జరిగింది చెప్పాను. విన్నకొద్దీ ఆయన ముఖం తెల్లబోయింది. "అయ్యయ్యో అవ్వా! నాను మనె ఒడెయువవను అల్ల!" అన్నాడు. ఇల్లు విడగొట్టేవాణ్ణి కాదని. తెలుగు ఒక్క మాట కూడా ఆయనకు ఆ క్షణాన అందలేదు. మాటలు పనికిరావని తెలుసుకుని గబగబా కూర్చుని తువ్వాలు మూట విప్పి అవ్వ ముందు పరిచాడు. రాగులు, ఇసుక, పొట్టు, దంచిన ఉప్పు, కమ్మరి దగ్గర తెచ్చిన ఇనుప రజను, అన్నీ కలిసి ఉన్నాయి. అదే పాఠం, ఇదే బేర్పడిసువుదు అని వేలితో చూపించాడు.

అవ్వ వంగి చూసింది. కొంచెం చేతిలోకి తీసుకుని వేళ్లతో నలిపింది. "ఎవురప్పా ఇట్ల చెడగొట్టింది?"

"నేనే" అన్నాడు మేష్ట్రు, కొంత గర్వంగానే.

"తినే రాగుల్లో ఇసక పోసినావా? కావాల్నేనా?" అవ్వ నోరు తెరిచింది. "బడిలో మొదట చెడగొట్టేది నేర్పిచ్చి, ఆమీట బాగుజేసేది నేర్పిస్తారా?"

మేష్ట్రుకు ఈసారి పూర్తిగా అర్థమైంది. తల గోక్కున్నాడు. అవ్వ ఇక ఆగలేదు. మంచి గింజ పాడై ఉంటే చూస్తూ ఊరుకోవడం ఆమెకు చేతకాదు. కోపం అలాగే ఉంది, చేతులు మాత్రం చేటను లాక్కున్నాయి. మూట మొత్తం అందులో పోసింది. చెరిగింది, పొట్టు పోయింది. చేట వంచి నేమింది, ఇసుకా ఉప్పూ రజనూ ఒకవైపు జారాయి, రాగులు ఇటువైపు నిలిచాయి. వాటిని జల్లెడలో వేసి రెండుసార్లు ఆడించింది, మిగిలిన నలుసు కూడా దిగిపోయింది. ఒక పిడికెడు రాగులు మేష్ట్రు దోసిట్లో పోసి, "నమిలి చూడప్పా" అంది. ఆయన నిజంగానే నమిలాడు. పంటికింద ఏమీ తగల్లేదు. మేష్ట్రు అవ్వ ముఖాన్ని కాదు, చేతుల్ని చూస్తున్నాడు. నేను రోజూ చూసే చూపే అది. ఇంకొకరి ముఖంలో చూడటం నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

"దీనికి ఏమంటారు?" అని అడిగాడాయన, చేట వంచి ఆడించినట్టు చేయి ఆడిస్తూ.

"నేమేది."

"ఇదు?" అని ఈసారి చేటను ఎగరేసినట్టు చూపాడు.

"చెరిగేది. గాలికి పోస్తే తూరుపట్టేది. చేత్తో తీస్తే ఏరేది. జల్లెడ పడితే జల్లించేది. నీళ్లలో తిప్పితే గాలించేది. బురద అడుక్కు దిగనిస్తే తేర్చేది. గుడ్డలో పోస్తే వడగట్టేది. పెరుగులో నుంచి ఎన్న తీస్తే చిలికేది. అన్నీ ఒకటే అనుకుంటివా?"

మేష్ట్రు నా పలక అడిగి తీసుకుని ఆ మాటలన్నీ కన్నడ అక్షరాల్లో రాసుకున్నాడు. తొమ్మిది. పైకి ఒక్కొక్కటే లెక్కపెట్టి, "నమ్మ పుస్తకదల్లి ఒందే మాతు, అవ్వా" అన్నాడు. మా పుస్తకంలో ఉన్నది ఒకటే మాట అని. అంత చదువుకున్న మనిషి, మా మట్టి వసారాలో గొంతుకూర్చుని, మా అవ్వ దగ్గర పాఠం రాసుకోవడం నా కళ్లతో చూశాను. నేను తర్వాత మడకశిర వైపు కోడలిగా వెళ్లి, తెలుగు అక్షరాలు కూడా నేర్చుకుని, చిన్న బడిలో చాలా ఏళ్లు పాఠాలు చెప్పాను. ఎంతోమంది పెద్ద పెద్ద పంతుళ్లను చూశాను. తెలియని దాన్ని తెలియదని అంత సులువుగా ఒప్పుకున్న పంతులు మళ్లీ కనిపించలేదు.

అప్పుడు మేష్ట్రు సూదంటురాయి తీసి చేటలో మిగిలిన ఇసుక మీద తిప్పాడు. రజను లేచి అతుక్కుంది. అవ్వ చటుక్కున చేయి చాపింది. "ఇట్లీ." ఆయన ఇచ్చాడు. ఆమె దాన్ని ఇసుకలో దించి తీసింది, మళ్లీ దించింది, మళ్లీ తీసింది. తన చేటకు ఆనించి చూసింది, తన గాజుకు ఆనించి చూసింది, గొర్రె మెడలోని గంటకు ఆనించి చూసి, అది పట్టుకోగానే చిన్నపిల్లలా నవ్వింది. ఇది మాత్రం తన దగ్గర లేని విద్య అని ఆమే ఒప్పుకుంది. లోపలికి చూసి, "మజ్జిగ తేండి మే, మేష్ట్రప్ప ఎంతసేపు కూర్చోవల్ల?" అని కేకేసింది.

ఇక మిగిలింది ఇసుకా ఉప్పూ. అవ్వ దాన్ని చెంబు నీళ్లలో వేసి కలిపింది, తేరనిచ్చింది, పైనీళ్లను ఇంటి వెనక బండ మీద ఉన్న లోతులేని గుంటలో పల్చగా పోసింది. ఎండాకాలపు ఎండ, బండ అప్పటికే కాలుతోంది. ఉప్పు ఇప్పుడు ఎక్కడుంది అని మేష్ట్రు నన్ను అడిగాడు. నేను గుంటలోకి తొంగి చూసి, కనిపించడం లేదు, పోయింది అన్నాను. అవ్వ నా మీద విసుక్కుంది. "యాడికి పోతాది మే? నీళ్లు పోతే అది మళ్లా కనపడ్తాది. యేరు చేసినంత మాత్రాన ఉప్పు ఉప్పు కాకపోతాదా?"

అని, అక్కడే ఆగిపోయింది. తన మాట తనే విన్నట్టు. వంటింటి గడపలో చిన్నమ్మ మజ్జిగ ముంత పట్టుకుని నిలబడి ఉంది. అవ్వ చాలాసేపు చిన్నమ్మ వైపే చూసింది. తర్వాత మేష్ట్రు వైపు తిరిగి, ఈసారి కోపం లేకుండా అడిగింది.

"ఎగువీదోళ్లకు ఎందుకు రాసిస్తివప్పా కాగితం?"

మేష్ట్రు మజ్జిగ తాగడం ఆపాడు. తనకు వచ్చిన తెలుగు మొత్తం కూడదీసుకున్నాడు. "అవ్వా, వాళ్లు తలలు పగలగొట్టుకొని వచ్చిరి. రక్త. అన్న చేతిలో కట్టె, తమ్ముడి చేతిలో కట్టె. రాయకుంటే ప్రాణ హోగుత్తిత్తు, ప్రాణం పోయేది. నేను యేరుపరచలేదు. వాళ్లు అప్పుడికే యేరు. ఎవురైనా ముందే, మెల్లగా చేసింటే, కాగితం ఎందుకు?"

మధ్యాహ్నం దాటాక బండ మీద గుంటలో నీళ్లు లేవు, అంచుల వెంట తెల్లటి పొర ఉంది. నేను నాలుకకు అద్దుకున్నాను, ఉప్పే. అవ్వ కూడా వచ్చి వేలితో గీరి నాలుక మీద వేసుకుంది. ఆమెకు తెలియని సంగతేమీ కాదది. అయినా బండ పక్కన అలాగే కూర్చుండిపోయింది. మరుసటి రోజు తనే నా చేయి పట్టుకుని బడికి తీసుకుపోయింది. మేష్ట్రు అడిగాడని చేటా జల్లెడా నెత్తిన పెట్టుకుని వచ్చింది. వసారాలో కూర్చుని పిల్లలందరికీ చెరిగి, నేమి, జల్లించి చూపింది. మధ్యలో తలెత్తి గోడ మీద మహారాజును చూసి, గబుక్కున కొంగు తల మీదికి లాక్కుంది. పెద్దాయన ఎదురుగా అంతసేపు తల కప్పుకోకుండా కూర్చున్నానే అని దారిలో నన్ను తిట్టింది, చెప్పనందుకు.

ఆ వారంలోనే, ఇంట్లో ఎవరికీ ముందుగా చెప్పకుండా, అవ్వ ఎర్రమట్టిలో పొట్టు కలిపి తొక్కింది. పడమటి పక్క గదిలో కూర్చుని తన చేతులతో పొయ్యి వేసింది. ఎవరికో మా చిన్నాయన అడిగితే గానీ చెప్పలేదు. "నీ పెండ్లానికి" అంది. చిన్నాయన ముఖం పాలిపోయింది. మా నాయన లేచి నిలబడ్డాడు. చిన్నమ్మ అయితే అవ్వ కాళ్ల మీద పడి బోరున ఏడ్చింది. నేనేం తప్పు చేసినానత్తా, నన్ను పంపించబాకు, తిరగలి నేనే తిప్పుతా అంది. అన్నాళ్లుగా మాట్లాడని మా అమ్మ కూడా వచ్చి చిన్నమ్మ పక్కన కూర్చుని ఏడ్చింది. వాళ్లిద్దరూ అంత ఏకమై నేను మునుపెన్నడూ చూడలేదు.

అవ్వ మట్టిచేతులు అలాగే పెట్టుకుని చెప్పింది. "ఏడవబాకండి మే. కొట్లాడి పోయేది యేరు, పెట్టి పంపేది యేరు. నేనుండంగానే, మీరు నవ్వుతాండంగానే చేస్తాండా."

మా వైపు కొట్లాడి వేరుపడినవాళ్లు కొత్త పొయ్యికి నిప్పు పక్కింట్లో అడిగి తెచ్చుకుంటారు. పాత పొయ్యి నిప్పు తీసుకోరు. కొత్త పొయ్యి ఆరిన రోజు పొద్దున అవ్వ మా పెద్ద పొయ్యిలోంచి నిప్పుకణికలు ఒక కుండపెంకులో తీసుకుని, ఊదుకుంటూ, వాకిలి దాటి తనే తీసుకుపోయింది. పెంకు కాలుతున్నా చేతులు మార్చుకోలేదు. చిన్నమ్మ పొయ్యి వెలిగాక మొదటి ముద్ద అవ్వకే పెట్టింది. అవ్వ తిని, వచ్చి మా పొయ్యి దగ్గర కూడా తిన్నది. యాభై ఏళ్లు కాపాడుకున్న గొప్పను ఆమె తన చేతులతోనే విడిచిపెట్టింది. ఎంత కష్టమై ఉంటుందో తొమ్మిదేళ్ల నాకు తెలియదు. నాకు మనవలు పుట్టాక తెలిసింది. మా అవ్వకు అక్షరం రాదు, కానీ అంత పెద్ద మనిషిని నేను మళ్లీ చూడలేదు. మా ఇంటికి మేష్ట్రు ఎప్పుడూ ఏ కాగితమూ రాయవలసి రాలేదు.

ఇప్పుడు అవ్వ లేదు, అమ్మ లేదు, చిన్నమ్మ లేదు. అప్పట్లో బడి నుంచి ఆకలితో వచ్చి పుస్తకాలు పారేసి, ఏ పొయ్యిలోంచి ముందుగా పొగ వస్తే ఆ పొయ్యి దగ్గర కూర్చునేదాన్ని. ఏ ముద్ద అమ్మ పెట్టిందో ఏ ముద్ద చిన్నమ్మ పెట్టిందో గుర్తు తెచ్చుకుందామని నిన్న రోజంతా కూర్చున్నాను, చేతకాలేదు. కాలం ఆ రెంటినీ ఎంతగా కలిపేసిందంటే, మా అవ్వ లేచి వచ్చి చేట పట్టినా ఇక వేరుచేయడం ఆమె తరం కాదు.